గీతలు లేని ప్రతి

కాలేజీలో అతన్ని రైలు మాష్టారు అంటారు. చెప్పేది కామర్సు. వాటాలు, డిబెంచర్లు, కంపెనీ ఎలా పుడుతుంది, ఎలా మునుగుతుంది, ఇదీ సిలబస్. కానీ ఏ పాఠం ఎత్తుకున్నా పది నిమిషాల్లో అందులోకి ఏదో ఒక పాత రైల్వే కంపెనీ వచ్చి ఆగుతుంది. ఇంకా పుట్టని లైను మీద వాటాలు ఎలా అమ్మారో, కొన్నవాళ్ళలో ఒక్కరు కూడా జన్మలో ఆ లైను మొహం ఎందుకు చూడలేదో చెప్పుకుంటూ పోతాడు. వెనక బెంచీలవాళ్ళు నోటితో కూత వేస్తారు. గంట కొట్టగానే "బండి బయల్దేరింది సార్" అంటారు. అతనూ నవ్వుతాడు.

ఇంట్లో ముందుగది మూడు గోడలకీ పుస్తకాలే. ఇంజన్ల బొమ్మలున్న పుస్తకాలు పోగుచేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇతనికి బొమ్మల మీద మోజు లేదు. కంపెనీల వార్షిక నివేదికలు, వాటాదారులకి పంచిన ప్రకటన పుస్తకాలు, ఖర్చు అంచనాలు, దివాలా కేసుల తీర్పులు, డైరెక్టర్ల మీటింగుల మినిట్లు కావాలి. చూసినవాళ్ళకి ఆవలింతలొచ్చే సరుకు. దానికోసం మూతపడ్డ ఆఫీసుల మెట్ల కిందా, తూకానికి పాతపేపర్లు కొనేవాళ్ళ కొట్లలోనూ మోకాళ్ళ మీద కూచుని వెతికాడు. భార్య ఆ గదిని గూడ్స్ షెడ్డు అంటుంది. గూడ్స్ షెడ్డులో చుట్టాల్ని ఎక్కడ కూచోబెట్టమంటారని ఏడాదికోసారి అడిగి, జవాబు రాకపోతే కుర్చీ మీది కట్ట తనే దించి కింద పెడుతుంది.

వాళ్ళ వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు అతనే. పుస్తకాల మీటింగుల్లో ఎవరైనా "మీ ఇంట్లో రైల్వేలో చేసినవాళ్ళున్నారా" అని అడిగితే "మా నాన్నగారు చేశారండి" అంటాడు. ఏ డిపార్ట్‌మెంటని అడిగితే "ఇంజినీరింగ్" అంటాడు. అబద్ధం కాదు. పట్టాలు, కంకర, పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్లు అన్నీ ఇంజినీరింగ్ కిందికే వస్తాయి. నాన్న కీమాన్. భుజాన సుత్తి, పొడుగాటి రెంచి, చంకలో రెండు జెండాలు పెట్టుకుని, తెల్లారేసరికల్లా బీటు మొదట్లో నిలబడి, ఏడు కిలోమీటర్ల పట్టా పొడుగునా స్లీపరు మీద స్లీపరు అడుగేస్తూ, పట్టాని పట్టి ఉంచే కీలు ఎక్కడ వదులయ్యాయో చూసి సుత్తితో బిగగొట్టుకుంటూ పోవడం ఆయన పని. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే బీటు. ఈ ముక్క ఎవరూ అడగరు, మాష్టారు చెప్పడు. అడిగినవాళ్ళు ఇంజినీరు గారనుకుని తలాడిస్తారు. ఆ తలాడింపుని అతను ఏనాడూ దిద్దలేదు.

ఈ పోగంతటికీ మొదటిది ఒక ఆకుపచ్చ గుడ్డ అట్ట పుస్తకం. అతను పదో తరగతిలో ఉండగా నాన్న తెచ్చాడు. సెక్షను ఆఫీసు స్టోరు ఖాళీ చేస్తూ పాత కాగితాలన్నీ బయట మంటలో వేస్తుంటే, అట్ట మీద బంగారు రంగు ఇంజను బొమ్మ కనబడి, దాన్ని ఎర్రజెండాలో చుట్టుకుని ఇంటికి పట్టుకొచ్చాడు. నాన్నకి చదువు రాదు. "నీకు పనికొస్తుందేమో చూడరా" అని చేతిలో పెట్టాడు. చూస్తే అది నాన్న రోజూ నడిచే లైను పుట్టుక కథ. ఆ లైను వేయడానికి ఒక కంపెనీ ఎక్కడో దూరాన కూచుని ఎంత మూలధనం ఎలా లాగిందో అందులో ఉంది. వెనక అట్టకి అతికించి పదహారు మడతల ప్లాను. మడతలన్నీ విప్పితే మంచమంత పొడవు. తమ డబ్బు ఎటు పోతోందో వాటాదారులకి చూపించడానికి స్టేషన్లు, వంపులు, కల్వర్టులు, మైలురాళ్ళు ఒక్కటి వదలకుండా గీయించారు.

అతను హాస్టలుకి వెళ్ళినప్పుడు పుస్తకం రైల్వే క్వార్టర్లోని రేకుపెట్టెలోనే ఉండిపోయింది. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, వేరే ఊరు. నాన్న రిటైరై క్వార్టరు ఖాళీ చేసి అక్క ఇంటికి మారినప్పుడు దాన్ని మళ్ళీ కొడుకు చేతిలో పెట్టాడు. "జాగ్రత్తరా. అందులో మావాళ్ళున్నారు" అన్నాడు. రైలువాళ్ళ పుస్తకం కాబట్టి అలా అంటున్నాడనుకున్నాడు మాష్టారు. సరే నాన్నా అన్నాడు. ఇంటికొచ్చి అట్టకి పల్చటి కాగితం తొడిగి పై అరలో నిలబెట్టాడు. కంఠతా వచ్చిన పుస్తకమే కదా అని ఎనిమిదేళ్ళు మళ్ళీ విప్పలేదు.

ఆ ఊళ్ళో పాతపుస్తకాలవాళ్ళ సంఘం ఒకటుంది. ఒక రిటైర్డు జడ్జి గారు దానికి అధ్యక్షులు. ఆ ఏడు లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెడుతున్నామనీ, అన్నిట్లోకీ మంచి సేకరణని ఏడాదిపాటు హాలు నడిమధ్య అద్దాల బీరువాలో ఉంచుతామనీ, కింద ఇత్తడి పలక మీద పేరు చెక్కిస్తామనీ ప్రకటించారు. మాష్టారి మనసు ఆ పలక మీద పడింది. పైకి ఏమీ అనలేదు గానీ, ఇంటిపేరు పొట్టిగా రాయాలా పూర్తిగా రాయాలా అని క్లాసులో హాజరు వేస్తూ కూడా ఆలోచించాడు.

జడ్జి గారికి పెన్సిల్ గీతలంటే ఒళ్ళుమంట. గీతలున్న పుస్తకం ఎంగిలి కంచం లాంటిదంటారు. ఒకసారి ఒకాయన తెచ్చిన అపురూపమైన నివేదికని మూడో పేజీలో చిన్న టిక్కు ఉందని ముట్టుకోకుండా వెనక్కి నెట్టేశారు. పోటీకొచ్చే ప్రతి పుస్తకం పక్కనా ఒక కార్డుండాలి. అట్ట ఎలా ఉంది, కుట్టు ఎలా ఉంది, పురుగు తిన్నదా, గీతలూ రాతలూ ఉన్నాయా, అన్నీ దాని మీద రాయాలి.

ప్రదర్శనకి నెల ముందు మాష్టారు ఆకుపచ్చ పుస్తకం దించి ప్లాను విప్పాడు. ప్రాణం ఉసూరుమంది. అక్కడక్కడ పెన్సిల్ గీతలు. వడ్రంగులు వాడే మొద్దు పెన్సిలుతో పెట్టిన వంకరటింకర ఇంటూ గుర్తులు. చిన్నప్పుడు అవి లేవు. సెలవులకి క్వార్టరుకొచ్చిన అక్క పిల్లల పనే అనుకున్నాడు. వెధవలకి గీయడానికి ఇదే దొరికిందా అని పైకే అన్నాడు. పిల్లలన్నాక గీస్తారు, పెద్దవాళ్ళు దాచుకోవాలి అంది భార్య.

ఆ పని అతనికి బాగా వచ్చు. పిండిలా మెత్తగా ఒత్తుకునే రబ్బరు ముక్క తీసి, వేళ్ళ మధ్య వెచ్చబెట్టి, కాగితం పీచు లేవకుండా ఒకే వైపుకి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క గుర్తునీ అద్ది అద్ది ఎత్తాడు. చుట్టుపక్కల నల్లబడ్డ చోట్లు కూడా రుద్ది, రాలిన పొడిని మెత్తటి బ్రష్షుతో తోశాడు. మూడు సాయంత్రాలు పట్టింది. ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెట్టలేదు. మురికిని ఎవరు లెక్కపెడతారు? తర్వాత పుస్తకాన్ని జడ్జి గారికి చూపిస్తే, ఆయన ప్లాను మొత్తం భూతద్దంతో వెతికి, మచ్చలేదు మాష్టారూ, మీ చేతికి బంగారు కంకణం తొడగాలి అన్నారు. మాష్టారు ఇంటికి నడిచొస్తూ దారంతా తనలో తను నవ్వుకున్నాడు. కార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: గీతలు, రాతలు లేవు.

ప్రదర్శన ఆదివారం. గురువారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. నాన్న ఆదివారం పొద్దుటి బస్సుకి బయల్దేరి నేరుగా ప్రదర్శనకే వస్తున్నాడనీ, వెంట పెద్దమ్మని కూడా తీసుకొస్తున్నాడనీ చెప్పింది. పెద్దమ్మంటే సొంత పెద్దమ్మ కాదు. నాన్నకి పని నేర్పిన పెద్దమేస్త్రి భార్య. నాన్న ఆయన్ని అన్నా అనేవాడు కాబట్టి వీళ్ళకి పెదనాన్న, పెద్దమ్మ. ఆయన ముప్ఫై ఏళ్ళ కిందట ఒక మంచు ఉదయం డ్యూటీలో బండి కింద పడి పోయాడు.

"పెద్దమ్మకి కళ్ళ ఆపరేషనైంది కదా, ఇప్పుడు శుభ్రంగా కనబడుతోందట. పెదనాన్న గుర్తు ఒక్కసారి చూపించమని నాన్న ప్రాణం తోడేస్తోంది" అంది అక్క.

"ఏం గుర్తు?"

"అదేరా, పచ్చపుస్తకంలో నాన్న పెట్టుకున్నవి. లైను మీద పోయినవాళ్ళవి. ఏడుగురు. ఎవరు ఎక్కడ పోతే అక్కడ ఒక ఇంటూ పెట్టుకున్నాడుగా. అదేంట్రా, పుస్తకం ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉంది, నువ్వు చూళ్ళేదా?"

చూశాను అన్నాడు మాష్టారు. ఆ మాట మాత్రం నిజం.

అక్క తన ధోరణిలో తను చెప్పుకుపోయింది. అప్పట్లో పోయినవాళ్ళ గురించి ఆఫీసువాళ్ళు రాసుకున్న కాగితంలో "స్వంత అజాగ్రత్త" అని ఒక్క ముక్క రాసి మూసేసేవాళ్ళు. లైను మీద కలిసి పనిచేసే గ్యాంగువాళ్ళే ఆ చోట్ల ఒక్కో రాయి పాతి సున్నం కొట్టుకునేవాళ్ళు. తర్వాత వంపులన్నీ సరిచేసి లైను పక్కకి జరిపినప్పుడు పాత కట్టా, కల్వర్టులూ, రాళ్ళూ అన్నీ మట్టి కిందికి పోయాయి. పాత లైను ఉన్నదున్నట్టు మిగిలింది ఆ ప్లానులోనే. అక్షరం రాని నాన్నకి ఆ ప్లాను మాత్రం అరచేతిలా తెలుసు. కొడుకు హాస్టల్లో ఉన్న ఏళ్ళలో రేకుపెట్టె తెరిచి, అది నేల మీద పరిచి, పాతవాళ్ళని గుర్తుచేసుకుని పెట్టాడు. ఆ తర్వాత ఎవరైనా పోతే అదే రోజు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే పెట్టేవాడు.

ఫోన్ పెట్టేశాక, పుస్తకం ఇచ్చిన రోజు నాన్న అన్న మాట గుర్తొచ్చింది. అందులో మావాళ్ళున్నారు. తల కొట్టేసినట్టయింది. ఎదురుగా రబ్బరు ముక్క సిరాబుడ్డి పక్కన బూడిదరంగు ఉండలా ఉంది. ఆ బూడిదరంగు ఏమిటో తెలిసి దానివైపు చూడలేకపోయాడు.

జరిగింది విని భార్య ఒకే మాట అంది. "మామయ్యగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యండి. తిడితే తిడతారు."

నాన్న తిట్టడు. తిట్టడన్నదే అతని భయం. రేపు చేస్తానన్నాడు.

మర్నాడు పొద్దున్న ఫోన్ చేయలేదు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్ల మీద పడే వేళకి ప్లాను పరిచి, చెంప బల్లకి ఆనించి చూశాడు. పెన్సిల్ పోయినా నొక్కు పోదు, అది పుస్తకాలవాళ్ళకి తెలిసిన విద్య. మొద్దు పెన్సిలు కాగితంలోకి దిగిన నొక్కులు నాలుగు దొరికాయి. మిగతా మూడూ దొరకలేదు. తనే మరీ శుభ్రంగా పని చేశాడు. శనివారం కూడా ఎండ వచ్చిన అరగంటా వెతికాడు, దొరకలేదు. ఇక వడ్రంగి పెన్సిల్ ఒకటి కొనుక్కొచ్చి, చిత్తుకాగితం మీద నాన్న చెయ్యి ఎలా వణుకుతుందో ఊహించి వంకరగా గీయడం అభ్యాసం చేశాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, కాపీ కొట్టినవాళ్ళని హాల్లోంచి బయటికి పంపే మనిషి, తలుపు దగ్గరగా వేసుకుని కన్నతండ్రి చేతిగీత కాపీ కొట్టాడు. నాలుగు గుర్తులు నొక్కుల మీదే దిద్దాడు. పెదనాన్న వంపు దగ్గర పోయాడని అప్పట్లో ఇంట్లో విన్నమాట ఆధారంగా వంపు మీద ఒకటి పెట్టాడు. మిగిలిన రెండూ ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి, చూడ్డానికి బాగుండే దూరంలో పెట్టాడు. ఏడు అయ్యాయి. కార్డు మాత్రం మార్చలేదు. ఎవరూ అంత దగ్గరగా చూడరనుకున్నాడు.

ఆదివారం పదకొండింటికి నాన్నా పెద్దమ్మా వచ్చారు. హాలు గుమ్మం దగ్గర నాన్న చెప్పులు రెండుసార్లు తుడుచుకుని, నేల పలకల మీద ఒక్కో పలకకి ఒక్కో అడుగు చొప్పున, తల వంచుకుని నడిచొచ్చాడు. పక్కన పెద్దమ్మ, కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, కనబడిన ప్రతి బోర్డునీ కళ్ళు విప్పుకుని చూసుకుంటూ వచ్చింది. ఇన్ని పుస్తకాలు ఎవరు దులుపుతారురా నాయనా అని అడిగింది.

జడ్జి గారు మర్యాదగా ఎదురొచ్చారు. మాష్టారి నాన్నగారని తెలిసి చెయ్యి కలిపారు.

"ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంటు అని మాష్టారు చెప్పారండీ. ఏ హోదాలో రిటైరయ్యారు?"

"సుత్తి హోదాలోనండి" అన్నాడు నాన్న. తనే నవ్వి, "కీమాన్‌నండి. పట్టాలు చూసుకునేవాణ్ణి" అన్నాడు.

జడ్జి గారు కూడా నవ్వారు. నవ్వాక మాష్టారి వైపు ఒక క్షణం ఎక్కువ చూశారు. మాష్టారు బల్ల అంచు చూశాడు. అక్కడే భూమి బద్దలైతే బాగుండుననిపించింది. కానీ అసలుది ఇంకా ముందుంది.

జడ్జి గారు పక్క బల్ల దగ్గరికి వెళ్ళాక మాష్టారు ప్లాను విప్పాడు. మడతలు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే నాన్న మొహం వెలిగింది. చూపుడువేలు మొదటి స్టేషను మీద పెట్టాడు. ఆ వేలి గోరు సుత్తి దెబ్బకి చితికి ఎప్పుడో నల్లబడింది, అలాగే ఉండిపోయింది. వేలు లైను మీద నడిచింది. పెదవులు కదిలాయి. గేటు, చిన్న కల్వర్టు, కట్ట ఎత్తు. మొదటి ఇంటూ దగ్గర ఆగాడు.

"ఇది పొట్టోడు, వదినా. ఎప్పుడూ నా తిండి డబ్బా లాక్కుని తినేవాడు చూడు, వాడు."

"ఆ, వాడికి ఆకలెక్కువ" అంది పెద్దమ్మ.

రెండో గుర్తు దగ్గర పాటగాడు. గాలివాటంగా వాడి పాట రెండు మైళ్ళు వినపడేదట. మాష్టారికి కొంచెం ఊపిరి ఆడింది. ఆ రెండూ నొక్కుల మీద పెట్టినవి.

మూడోదాని దగ్గర వేలు ఆగింది. అక్కడ లైను తిన్నగా ఉంది, రెండు పక్కలా చదును నేల. బండి వస్తే పక్కకి తప్పుకోవడానికి ఎంతైనా చోటు. నాన్న వేలితో ఆ ఇంటూని కాస్త నొక్కి చూశాడు. తల వంచి దగ్గరగా చూశాడు. తర్వాత తలెత్తి కొడుకుని చూశాడు. ఎంతోసేపు కాదు. వదులైన కీ కనబడితే ఒక్క నిమిషం ఆగి చూస్తాడే, అలా చూశాడు. ఆ గుర్తు అక్కడ లేనట్టే వేలు ముందుకి జరిపాడు.

నాన్నకి తెలిసిపోయింది.

"ఏదీ మరిదీ, మీ అన్న ఏడీ?" అంది పెద్దమ్మ. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. వంపు మీద ఉన్న ఇంటూ ఆవిడకే కనబడింది. "ఇదా?" అని వేలు చాపింది.

నాన్న ఆవిడ మణికట్టు పట్టుకుని, వేలిని మెల్లిగా ఆ ఇంటూ మీంచి తప్పించి, వంపు దాటాక రెండు కళ్ళ కల్వర్టు బొమ్మ మీదికి తెచ్చి ఆన్చాడు. "ఇక్కడ వదినా. కల్వర్టు మీద. పక్కకి దిగడానికి చోటు లేకపోయింది."

"ఇక్కడేమీ లేదు కదయ్యా?"

"పెన్సిల్ కదా. ఏళ్ళు గడిచాయి. చెరిగిపోయి ఉంటుంది."

పెద్దమ్మ ఆ ఖాళీ కాగితాన్ని వేలితో నిమిరింది. కళ్ళు బాగుపడ్డాక చూద్దామని ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చింది, చూడ్డానికి ఏమీ లేదు. "పోనీలే, చోటు చూశాను" అంది.

సరిగ్గా అప్పుడే జడ్జి గారు భూతద్దంతో తిరిగొచ్చారు. ప్లాను విప్పి ఉండడం చూసి ముచ్చటగా వంగారు. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఇవేమిటి మాష్టారూ, మొన్న నేను చూసినప్పుడు ఒక్క గీత లేదే అన్నారు. కార్డు చేతిలోకి తీసుకుని చదివి, మళ్ళీ ప్లాను చూశారు.

మాష్టారు నోరు తెరిచేలోపే నాన్న రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు, పై అధికారి ఇన్‌స్పెక్షనుకి వచ్చినప్పుడు నిలబడినట్టు.

"నేనే గీశానండయ్యా. ఇప్పుడే. తెలియక గీశాను. మావాడి తప్పేం లేదు."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాన్న చేయని తప్పు ఒప్పుకోవడం మాష్టారు ఎన్నడూ వినలేదు. చిన్నప్పుడు ఒకసారి, ఎవరో చేసిన పొరపాటు తనదని వేలిముద్ర వేయమంటే వేయకుండా మూడు రోజుల జీతం పోగొట్టుకున్నాడని అమ్మ చెప్పేది. ఆ మనిషి ఇప్పుడు ఈ హాల్లో, కొడుకు పలక కోసం, చేతులు కట్టుకుని తలవంచాడు.

"నాన్న గీయలేదండి" అన్నాడు మాష్టారు. "నాన్న గీసినవి నేను చెరిపేశాను. ఇవి నేను దొంగచాటుగా గీసినవి."

పక్క బల్ల దగ్గరివాళ్ళు ఇద్దరు తలతిప్పి చూశారు. జడ్జి గారు భూతద్దం దించారు. నాన్న ఊరుకోరా అన్నట్టు చెయ్యి ఊపాడు. పెద్దమ్మ మాత్రం కొడుకులాంటివాడి మొహం కొత్త కళ్ళతో నిదానంగా చూసింది.

"ఎందుకు చెరిపావు నాయనా?"

జవాబు ఒకటే ఉంది. దాన్ని ఎటు తిప్పి చెప్పినా అంతకంటే మంచిగా అవదు.

"మురికి అనుకున్నాను పెద్దమ్మా."

ఆవిడ ఆ మాట విని కోప్పడలేదు. తల పంకించింది. ఆఫీసువాళ్ళ కాగితం చదివి వినిపించిన రోజున కూడా అలాగే తల పంకించి ఉంటుందని మాష్టారికి తోచింది. ఆ తోచడంతో నిలువునా చితికిపోయాడు. కాసేపటికి ఆవిడ వంపు మీది ఇంటూ చూపించింది.

"మరి ఇతనెవరు?"

"ఎవరూ కాదు. ఊరికే పెట్టాను."

"ఎవరూ పోనిచోట ఎవర్నీ చంపకు. తీసెయ్యి."

రబ్బరు ముక్క చొక్కా జేబులోనే ఉంది. మాష్టారు అందరి ఎదుటా వంగి, తను ఊహించి పెట్టిన మూడు గుర్తుల్నీ చెరిపాడు. ఎప్పుడూ లేవని కాగితం పీచు ఆరోజు లేచింది. ఆపైన కార్డు తీసుకుని "గీతలు, రాతలు లేవు" అన్నదాన్ని కొట్టేసి, దాని కింద నిలబడే రాశాడు: పెన్సిల్ గుర్తులున్నాయి, కీమాన్‌గా పనిచేసిన మా నాన్న పెట్టినవి, నేను పాడుచేశాను. రాసిన కార్డు జడ్జి గారికి ఇచ్చాడు. ఆయన చదివి, చాలాసేపు తీర్పు చెప్పబోయే మనిషిలా నిలబడి, చివరికి తీర్పేమీ చెప్పలేదు. పోటీ సంగతి మీకు తెలుసు కదా మాష్టారూ అని మాత్రం అన్నారు. తెలుసన్నాడు. ఆయన కార్డు బల్ల మీద పెట్టి, జేబులోంచి పెన్సిల్ తీసి, నాన్న చేతికిచ్చి వెళ్ళిపోయారు.

అది సన్నటి ఖరీదైన పెన్సిల్. నాన్న దాన్ని రెంచి పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకున్నాడు.

"కాగితం కదలకుండా పట్టుకోరా."

మాష్టారు రెండు అరచేతులూ ప్లాను మీద ఆన్చి పట్టుకున్నాడు. నాన్న కల్వర్టు మీద ఒక ఇంటూ పెట్టాడు. పెద్దమ్మ వంగి, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా చూసి, "ఆ" అంది. చూడ్డం అయ్యాక కూడా వేలు అక్కడే ఉంచింది.

ఆరోది గేటుకి అవతల, నాన్న తడుముకోకుండా పెట్టాడు. ఏడోదాని కోసం పెన్సిల్ కాగితం మీద గాల్లోనే నడిచింది. గుట్టని కోసి లైను వేసినచోట ఒక మైలు పొడుగునా అటు వెళ్ళింది, ఇటు వచ్చింది.

"కొత్తగా చేరినవాడు. మూడు వారాలు కూడా చేయలేదు. కొండకోత మొదట్లోనా, రెండో మైలురాయి దగ్గరా..." నాన్న కళ్ళు మూసుకున్నాడు. కాళ్ళు నిలబడ్డచోటే నెమ్మదిగా అడుగులు వేస్తున్నాయి, స్లీపరు మీద స్లీపరు. ఆగిపోయాయి. "మర్చిపోతానేమోనని ఆ రోజే గుర్తు పెట్టుకున్నాన్రా. పెట్టుకున్నాను కదా అని మర్చిపోయాను."

పెన్సిల్ పక్కన పెట్టేశాడు. తోచినచోట ఒకటి పెట్టు నాన్నా అని మాష్టారి నోటిదాకా వచ్చింది. పెద్దమ్మ అన్న మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఇత్తడి పలక మీద ఇంకెవరి పేరో పడింది. ఎవరిదో మాష్టారు వెళ్ళి చూడలేదు. కాలేజీలో రైలు కంపెనీల పాఠం ఇప్పటికీ చెబుతాడు, పిల్లలు ఇప్పటికీ కూత వేస్తారు. మొన్నెవరో కొత్తగా చేరిన లెక్చరర్, మీ నాన్నగారు రైల్వేలో ఏం చేసేవారని అడిగితే కీమాన్ అన్నాడు. అంత ఆలస్యంగా చెప్పినందుకు ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి అనలేదు, అంతే.

సెలవు రోజుల్లో కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడే వేళకి ఇప్పటికీ ప్లాను పరిచి, చెంప బల్లకి ఆన్చి చూస్తుంటాడు. కొండకోత పొడుగునా నొక్కు ఎక్కడా కనబడదు. గుర్తు చుట్టుపక్కల కూడా మురికి లేకుండా ఉండాలని అప్పుడు ఆ మైలంతా రుద్దాడు. రుద్దినంత మేరా కాగితం నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపులో ఎక్కడో ఒకచోట, మూడు వారాలు పనిచేసిన మనిషి ఉన్నాడు.